గాజువాక, భీమవరం: ఒకే రోజు రెండు ఓటముల లెక్క

2019 మే 23 సాయంత్రానికి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల ఫలితం తేలిపోయింది. 175 అసెంబ్లీ స్థానాల్లో వైసీపీకి 151, టీడీపీకి 23, జనసేనకు 1. ఆ ఒక్కటీ రాజోలు. అక్కడ రాపాక వరప్రసాదరావు గట్టెక్కింది 814 ఓట్ల తేడాతో. పార్టీ అధ్యక్షుడు పవన్ కల్యాణ్ మాత్రం నిలబడిన రెండు చోట్లా ఓడిపోయారు. గాజువాకలో 16,753 ఓట్ల తేడా, భీమవరంలో 8,357 ఓట్ల తేడా.

ఆ ఓటమి మీద అప్పట్నుంచీ రెండు మాటలు చెలామణిలో ఉన్నాయి. సినిమా అభిమానం ఈలల వరకే, ఓటు దాకా రాదన్నది ఒకటి. డబ్బు ముందు ఎవరూ నిలవలేరన్నది రెండోది. రెండూ నోటికి సులువుగా వచ్చే మాటలే. ఓట్ల అంకెలు, ఎన్నికల నిబంధనలు, పోలింగ్ రోజు జరిగే పని పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ రెండు ఓటముల కథ వేరుగా కనబడుతుంది. ఓడిపోయిన ప్రతి అభ్యర్థీ, అతని వెనక తిరిగిన ప్రతి కార్యకర్తా తెలుసుకోవలసిన సంగతులు అందులో చాలా ఉన్నాయి.

ముందు అంకెలు. గాజువాకలో వైసీపీ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డికి 75,292 ఓట్లు, పవన్ కల్యాణ్‌కు 58,539, టీడీపీ అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 56,642. భీమవరంలో వైసీపీ అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్‌కు 70,642, పవన్‌కు 62,285, టీడీపీ తరఫున అంజిబాబుగా అందరికీ తెలిసిన పులపర్తి రామాంజనేయులుకు 54,037.

ఈ ముగ్గురి ఓట్లూ కలిపి నూరు పాళ్లనుకుంటే గాజువాకలో పవన్ వాటా 30.7 శాతం, భీమవరంలో 33.3 శాతం. రాష్ట్రం మొత్తం మీద జనసేనకు వచ్చింది 5.53 శాతమే. పార్టీ అన్ని చోట్లా పోటీ చేయలేదు, కొన్ని సీట్లు పొత్తులో బీఎస్పీకి, కమ్యూనిస్టు పార్టీలకు వెళ్లాయి, నిజమే. అవన్నీ తీసేసి చూసినా అధ్యక్షుడికి సొంతంగా పడిన ఓటు పార్టీ ఓటుకు ఎన్నో రెట్లు. జనసేన అభ్యర్థుల్లో అత్యధికులకు డిపాజిట్ దక్కని ఎన్నికలవి. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది. అధ్యక్షుడు రెండు చోట్లా ఆ గీతకు చాలా పైన ఉన్నారు. అభిమానం ఓటుగా మారలేదన్న మాట ఇక్కడే వీగిపోతుంది. మారింది. మూడో వంతు దాకా మారి, అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న.

గెలిచినవారి వాటా కూడా చూడాలి. ముగ్గురి ఓట్లలో నాగిరెడ్డిది 39.5 శాతం, గ్రంధి శ్రీనివాస్‌ది 37.8 శాతం. సగం మంది కూడా ఒప్పుకోకుండానే ఇద్దరూ ఎమ్మెల్యేలయ్యారు. మన పద్ధతిలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే విజేత, సగం దాటాలన్న షరతు లేదు. కాబట్టి ముక్కోణపు పోటీలో 38 శాతం దగ్గర సీటు చేతికొస్తుంది, 33 శాతం దగ్గర చేజారుతుంది. భీమవరం దీనికి చక్కటి ఉదాహరణ. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య 8,357, రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య 8,248. ముగ్గురూ నిచ్చెన మెట్ల మీద సమానదూరంలో నిలబడ్డారు. గాజువాకలో ఇలా కాదు. పవన్‌కూ పల్లాకూ మధ్య ఉన్నది 1,897 ఓట్లే. అంటే అక్కడ రెండో స్థానం కోసమే గట్టి పోటీ జరిగింది. నాగిరెడ్డి ఆ పోటీకి దూరంగా ముందుకెళ్లిపోయారు.

ఇక్కడ ఓ చిన్న లెక్క పనికొస్తుంది. ప్రత్యర్థి నుంచి ఒక ఓటరును మనవైపు తిప్పుకుంటే తేడా రెండు తగ్గుతుంది, ఎందుకంటే అతనికి ఒకటి పోయి మనకు ఒకటి చేరుతుంది. మూడో పార్టీ ఓటరును తెచ్చుకుంటే తగ్గేది ఒకటే. భీమవరంలో వైసీపీ వైపు నుంచి 4,179 మందిని తిప్పుకుంటే ఫలితం మారిపోయేది. టీడీపీ వైపు నుంచి అయితే 8,358 మంది కావాలి. 250 పోలింగ్ కేంద్రాలున్నాయనుకుంటే మొదటి లెక్కలో ఒక్కో కేంద్రంలో 17 మంది, అంటే నాలుగైదు ఇళ్లు. బహిరంగసభకు లక్షమంది వచ్చారా రెండు లక్షలమంది వచ్చారా అన్న వాదన కంటే ఈ 17 అన్న అంకె అభ్యర్థికి ఎక్కువ సంగతులు చెబుతుంది. గాజువాకలో ఇదే లెక్కకు 8,377 మంది కావాలి. 300 కేంద్రాలనుకుంటే కేంద్రానికి 28 మంది. అది కష్టమే, కానీ చేరుకోలేని దూరం మాత్రం కాదు.

ఆ నాలుగైదు ఇళ్ల దగ్గరకు వెళ్లేదెవరు? బూత్ కమిటీ. జనసేన 2014 మార్చి 14న పుట్టింది. ఆ ఏడాది ఎన్నికల్లో పోటీ చేయకుండా టీడీపీ, బీజేపీలకు మద్దతిచ్చింది. అంటే 2019 ఆ పార్టీకి మొదటి పరీక్ష. టీడీపీ వెనక ముప్పై ఏడేళ్ల యంత్రాంగం ఉంది. వైసీపీకి పాత కాంగ్రెస్ నాయకత్వంలో పెద్ద భాగం గ్రామ స్థాయిదాకా వచ్చి చేరింది. జనసేనకు ఉన్నది కుర్రాళ్లు. మోటారు సైకిళ్లు, జెండాలు, గొంతులు పుష్కలం. ఓటరు జాబితా పట్టుకుని వీధి వీధీ తెలిసిన నడివయసు మనిషి మాత్రం చాలా బూతుల్లో కరువు.

పోలింగ్ రోజు ఆ నడివయసు మనిషి చేసే పని బయటివాళ్లకు కనబడదు. అభ్యర్థి ఒక్కో కేంద్రానికి ఒక ఏజెంటును, అతనికి బదులుగా కూర్చోవడానికి మరో ఇద్దరిని నియమించుకోవచ్చు. లోపల మాత్రం ఒక్కసారికి ఒక్కరే. ఏజెంటు నియామక పత్రమైన ఫారం 10 మీద అభ్యర్థి గానీ ఎన్నికల ఏజెంటు గానీ సంతకం చేసిస్తే దాన్ని ప్రిసైడింగ్ అధికారికి చూపించాలి. పోలింగ్ మొదలవకముందే కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్ జరుగుతుంది. అప్పటికి ఏజెంటు అక్కడ ఉండి, ఆ ఓట్లు తుడిచేశారా లేదా చూసుకోవాలి. తర్వాత రోజంతా ఒడిలో ఓటరు జాబితా, చేతిలో పెన్సిలు. వచ్చిన ప్రతి ఓటరు పేరు పక్కన గీత. మధ్యాహ్నం మూడు గంటలకు గీత పడని పేర్లే ఆ బూత్‌లో మిగిలిన పని. బయటున్న కార్యకర్తలకు ఎవరెవరు ఇంకా రాలేదో తెలిస్తే ఆటో వెళుతుంది, ముసలమ్మను కూర్చోబెట్టుకుని వస్తుంది. తెలియకపోతే ఆటో ఖాళీగా తిరుగుతుంది. చివర్లో ఫారం 17సి కాపీ తీసుకోవాలి. ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో, యంత్రాల నంబర్లేమిటో అందులో ఉంటాయి. లెక్కింపు రోజు కౌంటింగ్ ఏజెంటు చేతిలో ఆ కాగితం లేకపోతే బల్ల ముందు కూర్చున్నా చూడటానికి తప్ప అడగటానికి ఏమీ ఉండదు.

2019 ఏప్రిల్ 11న రాష్ట్రంలో చాలా చోట్ల యంత్రాలు మొరాయించి, పోలింగ్ రాత్రిదాకా సాగింది. అలాంటి రోజున ఇంటికి వెళ్లిపోయిన ఓటరును తిరిగి లైన్లో నిలబెట్టే మనుషులు ఏ పార్టీకి ఎంతమంది ఉన్నారన్నది మామూలు రోజుకంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

పెద్దగా చర్చకు రాని అడ్డంకి ఇంకొకటి ఉంది. అప్పటికి జనసేన రిజిస్టరైన పార్టీయే గానీ గుర్తింపు పొందిన పార్టీ కాదు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద ఒక్క ప్రతిపాదకుడు చాలు; మిగతావాళ్లకు ఆ నియోజకవర్గపు ఓటర్లే పదిమంది సంతకం చేయాలి. గుర్తింపు పొందిన పార్టీ 40 మంది స్టార్ క్యాంపెయినర్లను పెట్టుకోవచ్చు, లేనివాళ్లకు 20. స్టార్ క్యాంపెయినర్ ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు కాబట్టి ఇది డబ్బు విషయం కూడా. అన్నింటికన్నా ముఖ్యం ఓటింగ్ యంత్రం మీద వరస. ముందు గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీల అభ్యర్థులు, ఆ తర్వాత రిజిస్టర్డ్ పార్టీలవాళ్లు, చివర ఇండిపెండెంట్లు. ఒక్కో గుంపులో అక్షరక్రమం. కాబట్టి వైసీపీ ఫ్యాను, టీడీపీ సైకిలు పైవరసల్లో కంటికి ఆనుతాయి, జనసేన గాజు గ్లాసు కోసం కిందికి వెతుక్కోవాలి. మొదటిసారి ఆ గుర్తుకు వేస్తున్న ఓటరుకు, అందులోనూ చూపు మందగించిన పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నమూనా బ్యాలెట్ పట్టుకుని ఎన్నో నంబరో ఇంటింటా చూపించాల్సిందే. మళ్లీ అదే బూత్ కమిటీ దగ్గరకు వచ్చి ఆగుతాం.

ఆ ఎన్నికల తర్వాత కూడా గుర్తింపు రాలేదు. ఆరు శాతం ఓట్లు, రెండు అసెంబ్లీ స్థానాలు కలిసి ఉండాలన్నది ఒక దారి, జనసేన 5.53 శాతం, ఒక్క స్థానం దగ్గర ఆగిపోయింది. గాజువాకో భీమవరమో గెలిచి ఉంటే సీట్ల షరతు తీరేది, ఓట్ల షరతు మాత్రం అర శాతం లోపు దూరంలో అలాగే ఉండిపోయేది.

రెండు చోట్ల నిలబడటం సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక అభ్యర్థిని రెండు స్థానాల వరకే అనుమతిస్తుంది. ఈ పరిమితి 1996 సవరణతో వచ్చింది. రెండూ గెలిస్తే ఒకటి వదులుకోవాలి, అక్కడ ఉప ఎన్నిక తప్పదు. పార్టీ అధినేతలకు ఇది ధీమా ఇచ్చే దారి. 1989లో ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడినా హిందూపురం నిలబెట్టింది. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడినా తిరుపతి గెలిపించింది. పవన్ విషయంలో ఆ ధీమా పనిచేయలేదు. గాజువాక ఎంపికకు కారణం లేకపోలేదు: 2009లో ఆ స్థానాన్ని చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం గెలుచుకుంది. భీమవరమైతే సొంత జిల్లా. కుటుంబపు మొగల్తూరు కూడా పశ్చిమ గోదావరిలోనిదే.

కానీ ఈ రెండు ఊళ్లకూ మధ్య దూరం సుమారు 250 కిలోమీటర్లు. షెడ్యూలు వచ్చింది మార్చి 10న, నామినేషన్ల గడువు ముగిసింది మార్చి 25న, ఉపసంహరణ 28న. ప్రచారం ఏప్రిల్ 9 సాయంత్రం బంద్. అభ్యర్థుల జాబితా ఖరారయ్యాక మిగిలింది పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో పార్టీకి ఉన్న ఒకే ఒక్క పెద్ద గొంతు రాష్ట్రమంతా తిరగాలి. తన రెండు నియోజకవర్గాలకూ మిగిలేది సగం సగం కూడా కాదు. రెండు చోట్లా రెండు ఎన్నికల ఏజెంట్లు, రెండు ఖర్చుల ఖాతాలు, రెండు సెట్ల బూత్ ఏజెంట్లు. ఖర్చు పరిమితి అప్పట్లో స్థానానికి 28 లక్షలు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో రెండింటికీ విడివిడిగా లెక్క అప్పజెప్పాలి. దీనికి తోడు, రెండు చోట్లా గెలిస్తే మా ఊరు వదిలేస్తాడేమో అన్న అనుమానం ప్రత్యర్థి పనిగట్టుకుని చెప్పనక్కర్లేకుండానే ఓటరు మనసులో కూర్చుంటుంది.

ఎదుటివాళ్లెవరో కూడా గుర్తుపెట్టుకోవాలి. నాగిరెడ్డి, గ్రంధి శ్రీనివాస్ ఇద్దరూ 2014లో అవే స్థానాల్లో వైసీపీ టికెట్ మీద ఓడినవాళ్లు. ఓడి, ఐదేళ్లు అక్కడే తిరిగినవాళ్లు. గ్రంధి అంతకుముందు 2004లో భీమవరం ఎమ్మెల్యే కూడా. పెళ్లికీ చావుకీ వచ్చే మనిషికీ, మార్చి మూడో వారంలో వచ్చిన మనిషికీ మధ్య ఎన్నిక జరిగితే రెండోవారి పేరు ఎంత పెద్దదైనా మొదటివారికి పదిహేను ఇళ్లలో అదనంగా పలకరింపు ఉంటుంది. 3 లక్షలు దాటిన ఓటర్లతో, ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులు, నిర్వాసితుల కాలనీలు, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వలసొచ్చిన కుటుంబాలతో నిండిన గాజువాకలో ఈ పలకరింపు విలువ మరీ ఎక్కువ. నిర్వాసితుడికి అధికారంలోకి వచ్చే పార్టీ కావాలి, ఫైలు కదిలించే ఎమ్మెల్యే కావాలి.

అది రాష్ట్రవ్యాప్త కారణంతో కలుస్తుంది. 2019లో ప్రభుత్వం మారాలనుకున్నవాళ్లు బలంగా ఉన్నారు. ఆ కోరిక ఉన్న ఓటరు, ప్రభుత్వాన్ని దించగల పార్టీ ఏదో చూసి దానికే వేస్తాడు. మూడో పార్టీకి వేస్తే ఓటు వృథా అన్న మాట ఊళ్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అందులోనూ 2014లో టీడీపీకి ఓటేయమని చెప్పిన నాయకుడు 2019లో టీడీపీ వ్యతిరేక ఓటును మొత్తంగా తనవైపు లాక్కోవడం కష్టం. అధికార పార్టీ మీది కోపం వైసీపీకి వెళ్లింది, అధికార పార్టీ మీది అభిమానం టీడీపీలోనే ఉంది, జనసేనకు మిగిలింది ఆ రెండింటికీ బయట ఉన్న ఓటు. రెండు నియోజకవర్గాల్లో ఆ ఓటు మూడో వంతు దాకా వెళ్లడమే నిజానికి పెద్ద విషయం.

అలాగని టీడీపీ, జనసేన ఓట్లు కలిపేసి గెలుపు అనేయడం తొందరపాటు. గాజువాకలో రెండూ కలిపితే 1,15,181, భీమవరంలో 1,16,322. గెలిచినవారి ఓటు కంటే చాలా ఎక్కువ. కానీ ఓటు పార్టీ ఆస్తి కాదు, పొత్తు కుదరగానే బదిలీ అవడానికి. తన అభ్యర్థికి టికెట్ రాకపోతే ఇంట్లో కూర్చునే కార్యకర్త ఉంటాడు, కోపంతో అవతలివాడికి వేసేవాడూ ఉంటాడు. పైగా 2019లో ఆ రెండు పార్టీల ఓటర్లలో కొందరు ఒకరినొకరు ప్రత్యర్థులుగా చూసుకునే ఓటేశారు. కూడిక సరిపోతుందో లేదో మరో ఎన్నిక వస్తే గానీ తెలియదు.

ఓడిన అభ్యర్థికి ఈ విషయంలో ఒక మంచి సాధనం చేతిలోనే ఉంటుంది: ఫారం 20. పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లో చెప్పే తుది ఫలితాల పట్టిక అది, ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో దొరుకుతుంది. చదవడంలోనే ఉంది నేర్పు. ముందు ప్రతి బూత్‌లో మన స్థానం ఒకటా రెండా మూడా అని గుర్తు పెట్టుకోవాలి. మూడో స్థానంలో ఉన్నవాటిని విడిగా తీసి, అక్కడ ఏజెంటు రోజంతా ఉన్నాడా, సగంలో వెళ్లిపోయాడా అన్నది ఆ రోజు డైరీతో సరిచూడాలి. తర్వాత పోలింగ్ శాతం తక్కువున్న బూతుల్లో మనది రెండో స్థానమైతే అవే మొదట పనిచేయాల్సినవి, ఎందుకంటే ఓటు అక్కడే ఇంట్లో మిగిలిపోయింది. చాలామంది చేసే పొరపాటు, బాగా ఓడిన బూతుల మీద పడి ఏడాది గడపడం. ఇరవై ఓట్ల తేడాతో పోయిన బూతులే సీటు తెస్తాయి.

జనసేన తర్వాత పట్టిన దారి ఈ లెక్కనుంచే పుట్టింది. 2022 మార్చి 14న ఇప్పటం సభలో ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వనని పవన్ ప్రకటించారు. 2023 సెప్టెంబరు 14న చంద్రబాబు ఉన్న రాజమహేంద్రవరం జైలు బయట టీడీపీతో పొత్తు ఖాయమని చెప్పారు. 2024 ఫిబ్రవరిలో పార్టీకి 24 అసెంబ్లీ స్థానాలిచ్చారు, బీజేపీ వచ్చి చేరాక అవి 21 అయ్యాయి. సొంత కార్యకర్తల్లోనే చాలామందికి అది అవమానంగా తోచింది. ఎక్కువ చోట్ల నిలబడి 5.53 శాతంతో ఒక్క సీటు తెచ్చుకున్న పార్టీ, 21 చోట్ల నిలబడి రాష్ట్రంలో 6.85 శాతంతో 21 సీట్లూ గెలిచింది. రాష్ట్రం మొత్తం మీద పెరిగిన వాటా ఒకటిన్నర శాతం లోపే.

ఈసారి అధ్యక్షుడు ఎంచుకున్నది ఒకే స్థానం, పిఠాపురం. అక్కడ 2019లో వైసీపీకి 83,459, టీడీపీ అభ్యర్థి ఎస్వీఎస్ఎన్ వర్మకు 68,467, జనసేనకు 28,011. టీడీపీ, జనసేన ఓట్లు కలిపితే 96,478. టికెట్ పవన్‌కు వెళ్లిందని తెలియగానే వర్మ అనుచరులు రోడ్డెక్కారు. ఆ తర్వాత వర్మ పవన్ వెంట నిలబడి పనిచేశారు. 2014లో ఏ పార్టీ అండా లేకుండా ఇండిపెండెంటుగా గెలిచిన మనిషి ఆయన. జనసేనకు ఐదేళ్ల కిందట లేని బూత్ యంత్రాంగం ఆయన రూపంలో తయారుగా దొరికింది. పవన్‌కు 1,34,394 ఓట్లు, వైసీపీ అభ్యర్థి వంగా గీతకు 64,115. తేడా 70,279. పాత కూడిక కంటే 38 వేలు ఎక్కువ వచ్చాయి, వైసీపీకి 19 వేలు తగ్గాయి. పొత్తు పాత ఓట్లను కలపడంతో ఆగలేదు, ఎటూ తేల్చుకోనివాళ్లకు ఇది గెలిచే గుర్తని చెప్పింది.

గాజువాకలో 2019లో మూడో స్థానంలో నిలిచిన పల్లా శ్రీనివాసరావు 2024లో టీడీపీ అభ్యర్థిగా 95,235 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోకెల్లా పెద్ద ఆధిక్యం అదే. భీమవరంలో అప్పుడు మూడో స్థానంలో ఉన్న అంజిబాబు జనసేనలో చేరి, పవన్‌ను ఓడించిన గ్రంధి శ్రీనివాస్ మీదే గాజు గ్లాసు గుర్తుతో 66,974 ఓట్ల తేడాతో నెగ్గారు.